పవర్ ఇంజినీరింగ్ వైపు విద్యార్థులను రప్పించడం ఎలా?

ఎలక్ట్రికల్ విభాగంలో పాఠాలు చెప్పేవాళ్లను ఎవరిని కదిపినా ఒకటే బాధ. పిల్లలు బ్రాంచ్‌లో చేరుతున్నారు కానీ పవర్ వైపు, అంటే కరెంటు ఉత్పత్తి, సరఫరాల చదువు వైపు, రావడం లేదు. ఎలెక్టివ్‌లు, అంటే ఐచ్ఛిక కోర్సులు, ఎంచుకునే వారం వచ్చేసరికి మెషిన్ లెర్నింగ్ క్లాసులో కూర్చోవడానికి చోటు దొరకదు. పవర్ సిస్టమ్ ప్రొటెక్షన్ క్లాసు నడపడానికి మాత్రం చాలినంత మంది ఉండరు. "ఈ కాలం పిల్లలకు కోర్ సబ్జెక్టులంటే ఇష్టం లేదు" అని తేల్చేసి ఊరుకుంటాం.

ఆ మాట నేను ఒప్పుకోను. వాళ్లు పవర్ ఇంజినీరింగ్‌ను చూసి వద్దనుకోవడం లేదు, అసలు చూడనే లేదు. వాళ్ల కంటబడింది ఆర్మేచర్ వైండింగ్ పట్టికలు, బోర్డు మీద గీసిన సింగిల్ లైన్ డయాగ్రమ్, దుమ్ము పట్టిన మెషిన్ ల్యాబ్. స్విచ్ వేసిన ప్రతిసారీ ఎక్కడో ఉన్న జనరేటర్లన్నీ కలిసి ఆ భారాన్ని పంచుకుంటాయని, ఆ లెక్క క్షణక్షణం సరిపోవాలని, సరిపోకపోతే దేశాలకు దేశాలే చీకట్లో మునిగిపోతాయని వాళ్లకు ఎవరూ చూపించలేదు. చూపిస్తే వస్తారు. ఎలా చూపించాలో, ఏ వరసలో చూపించాలో ఇక్కడ చెబుతున్నాను. మీరు ఒక్క క్లాసు చెప్పే అధ్యాపకులైనా, విభాగం మొత్తాన్ని నడిపేవారైనా, విద్యార్థి సంఘం బాధ్యత చూసేవారైనా ఇందులో మీ చేతిలో ఉన్న పని కొంతైనా ఉంటుంది.

మొదటి అడుగు: ఎంచుకునే రోజుకు ముందే వెళ్లండి

చాలా విభాగాలు ఎలెక్టివ్ ఫారాలు ఇచ్చే వారంలో ఒక పరిచయ సభ పెట్టి చేతులు దులుపుకుంటాయి. అప్పటికే నిర్ణయం అయిపోయి ఉంటుంది. సీనియర్లు ఏం తీసుకున్నారు, ఎవరికి ఎక్కడ ఉద్యోగం వచ్చింది అన్న మాటలు హాస్టల్ గదుల్లో ఏడాది ముందు నుంచే నడుస్తుంటాయి. కాబట్టి మొదటి సంవత్సరంలోనే, ఇంకా ఏ వైపూ మొగ్గని పిల్లలున్న క్లాసులోకి వెళ్లండి. బేసిక్ ఎలక్ట్రికల్ చెప్పే సహోద్యోగిని ఒక్క గంట ఇవ్వమని అడగండి.

ఆ గంటకు మీ విభాగంలో బాగా చెప్పగలిగిన వారినే పంపండి. సీనియారిటీ చూడొద్దు. అందరికంటే కొత్తగా చేరిన అధ్యాపకుడికి మొదటి సంవత్సరం క్లాసులు అంటగట్టడం మామూలుగా జరిగేదే. అయితే మీ మొత్తం ప్రయత్నంలో అన్నింటికంటే విలువైన గంట అదే.

రెండో అడుగు: ఆ గంటలో గ్రిడ్‌కు ప్రాణం ఉందని చూపించండి

స్లైడ్‌లో పవర్ ఇంజినీరింగ్ నిర్వచనం, దాని పరిధి, ప్రాముఖ్యం వగైరా పెట్టకండి. ఒక గడియారం కథతో మొదలుపెట్టండి.

2018 ప్రారంభంలో యూరప్‌లోని చాలా దేశాల్లో ఓవెన్ల మీద, రేడియో అలారాల మీద ఉండే గడియారాలు నెమ్మదించాయి. మార్చి మొదటివారానికి దాదాపు 6 నిమిషాలు వెనకబడ్డాయి. గడియారాల్లో లోపమేమీ లేదు. అవి గ్రిడ్ (ఉత్పత్తి కేంద్రాలనూ వాడేవాళ్లనూ కలిపే కరెంటు వల) ఫ్రీక్వెన్సీని, అంటే సెకనుకు కరెంటు ఎన్ని సైకిళ్లు తిరుగుతుందో దాన్ని, లెక్కబెట్టి సమయం చూపించే రకం. 50 సైకిళ్లు పూర్తయితే ఒక సెకను అయినట్టు. సెర్బియా, కొసావోల మధ్య వివాదం వల్ల ఆ ప్రాంతంలో ఉత్పత్తికీ వాడకానికీ మధ్య తేడా వచ్చింది. ఆ లోటును ఎవరూ పూడ్చకపోవడంతో ఖండం మొత్తం మీద సగటు ఫ్రీక్వెన్సీ 49.996 హెర్ట్జ్‌కు దిగింది.

ఇక్కడ ఆగి, లెక్క వాళ్ల చేతికివ్వండి. 50కి 0.004 తక్కువ అంటే రోజుకు ఎన్ని సెకన్లు పోతాయి? దాదాపు 7. జనవరి మధ్య నుంచి మార్చి మొదటివారం వరకు ఎన్ని రోజులు? గుణిస్తే 6 నిమిషాల దగ్గరికి వస్తుంది. ఒక మూల దేశాల మధ్య తగాదా వస్తే వందల మైళ్ల అవతల వంటింటి గడియారం ఎందుకు తప్పిందో ఆ పిల్లలే లెక్కగట్టి తేల్చారు. ఇంటర్‌లో నేర్చుకున్న గణితం తప్ప ఇంకేమీ అవసరం పడలేదు. క్లాసులో ఆ క్షణాన వచ్చే నిశ్శబ్దం కోసమే ఈ కథ ఎంచుకున్నాను.

అప్పుడు అసలు సంగతి చెప్పండి. గ్రిడ్‌లో కరెంటును నిల్వ చేసుకునే గోదాము లాంటిదేమీ లేదు. బ్యాటరీలు, పంప్డ్ స్టోరేజీ (నీటిని పైకి ఎక్కించి శక్తిని దాచడం) ఉన్నా మొత్తంతో పోలిస్తే అవి కొంత భాగమే. లోడ్, అంటే వాడకం, పెరిగిన మరుక్షణం ఆ అదనపు శక్తి తిరుగుతున్న రోటర్ల చలనశక్తి నుంచి వస్తుంది. అందుకే రోటర్లు కాస్త నెమ్మదిస్తాయి, ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది. టర్బైన్ల వేగాన్ని చూసుకునే గవర్నర్లు దాన్ని పసిగట్టి ఆవిరినో నీటినో ఎక్కువ వదులుతాయి. లోడ్ తగ్గితే ఇదంతా తిరగబడుతుంది. ఈ నాలుగు వాక్యాలు అర్థమైతే పవర్ సిస్టమ్స్‌లో సగం ఆసక్తి పుట్టినట్టే.

సమయం ఉంటే ఇంకో సంఘటన చెప్పండి. 2020 ఏప్రిల్ 5న, లాక్‌డౌన్ రోజుల్లో, రాత్రి 9 గంటలకు 9 నిమిషాల పాటు ఇళ్లలో లైట్లు ఆర్పమని భారతదేశంలో పిలుపునిచ్చారు. లోడ్ 12 వేల నుంచి 13 వేల మెగావాట్ల దాకా తగ్గొచ్చని గ్రిడ్ నడిపేవాళ్లు అంచనా వేశారు. తగ్గింది 31,089 మెగావాట్లు. అయినా ఫ్రీక్వెన్సీ 49.70, 50.26 హెర్ట్జ్‌ల మధ్యే నిలిచింది. జలవిద్యుత్ కేంద్రాలను ముందే సిద్ధంగా ఉంచి, ఉత్పత్తిని నిమిషాల్లో దించి, మళ్లీ అంతే వేగంగా పైకి తీసుకెళ్లారు. "ఆ రాత్రి కంట్రోల్ రూమ్‌లో మీరుంటే ముందుగా ఏం సిద్ధం చేసుకునేవాళ్లు?" అని అడగండి. జవాబులు ఎలా ఉన్నా ఫరవాలేదు, అడగడం ముఖ్యం.

మూడో అడుగు: వాళ్ల చేతనే కొలిపించండి

విన్నది వారానికి మరుపున పడుతుంది. చేత్తో కొలిచింది నిలుస్తుంది. ఇందుకు పెద్ద ఖర్చేమీ లేదు.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వినిపించే గుంయ్‌మనే శబ్దాన్ని ఫోన్‌లో రికార్డు చేయమనండి. ఫెన్సింగ్ బయట, దూరంగా నిలబడే చేయాలని గట్టిగా చెప్పండి. ఆ రికార్డింగ్‌కు స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపే గ్రాఫ్) తీస్తే 100 హెర్ట్జ్ దగ్గర ఒక గీత నిటారుగా లేస్తుంది. 60 హెర్ట్జ్ గ్రిడ్ అయితే 120 దగ్గర. రెట్టింపు ఎందుకు? అయస్కాంత క్షేత్రం ఏ దిశలో ఉన్నా కోర్ ఇనుము ఒకేలా స్పందిస్తుంది, అందుకే ప్రతి సైకిల్‌కు రెండుసార్లు కంపిస్తుంది. ఫ్రీక్వెన్సీలో చిన్న తేడా పట్టుకోవాలంటే రికార్డింగ్ పొడవుగా ఉండాలి. 10 సెకన్ల ముక్కతో 0.1 హెర్ట్జ్ తేడా వరకే తెలుస్తుంది, 100 సెకన్లయితే 0.01 దాకా వెళ్లొచ్చు. సిగ్నల్ ప్రాసెసింగ్ మీద ఇష్టమున్నవాళ్లు ఇక్కడే మీ వలలో పడతారు. ఈ గుంయ్ శబ్దం ఆడియో రికార్డింగుల్లో కూడా సన్నగా పడి ఉంటుందని, దాని ఒడిదుడుకులను గ్రిడ్ రికార్డులతో పోల్చి ఆ రికార్డింగ్ ఎప్పటిదో ఫోరెన్సిక్ నిపుణులు తేలుస్తారని చెప్పండి. క్లాసు అయిపోయాక కూడా మీ వెంట పడి ప్రశ్నలు అడుగుతారు.

ఇంకో అడుగు వేయగలిగితే, ఏసీ అవుట్‌పుట్ ఇచ్చే 9 వోల్టుల అడాప్టర్, ఒక ఆర్డుయినో బోర్డు ఇచ్చి ఫ్రీక్వెన్సీ మీటర్ చేయమనండి. మెయిన్స్‌కు నేరుగా ఏదీ తగిలించకూడదు, అడాప్టర్ విప్పకూడదు, ఈ రెండు నియమాలు ముందే పెట్టండి. అమెరికాలో టెనెసీ విశ్వవిద్యాలయం వాళ్ల ఎఫ్‌నెట్ కూడా ఇదే ఆలోచన. మామూలు ప్లగ్ పాయింట్లకు తగిలించిన కొలత పరికరాలతో, ఒక పెద్ద జనరేటర్ ట్రిప్ అయినప్పుడు (హఠాత్తుగా గ్రిడ్ నుంచి విడిపోయినప్పుడు) ఆ కుదుపు ఖండం మీద అలలా ఎలా పాకుతుందో పటం మీద చూపిస్తారు. మీ విద్యార్థులు రెండు వేర్వేరు భవనాల్లో కొలిచి, రెండు గ్రాఫులూ ఒకదాని మీద ఒకటి అతుక్కున్నట్టు పడటం చూస్తే గ్రిడ్ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

నాలుగో అడుగు: ఒక బ్లాకౌట్‌ను నిమిషం నిమిషం నడిపించండి

నన్నడిగితే ఇక్కడున్న అడుగుల్లో ఒక్కటే చేసే వీలుందంటే ఇదే చేయండి.

2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో, కెనడాలోని ఒంటారియోలో దాదాపు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. ఆ రోజు ఏ లైను ఏ సెకనులో ట్రిప్ అయిందో దర్యాప్తు నివేదికలో ఉంది. ఆ నివేదిక అందరికీ దొరుకుతుంది. రెండు గంటల వర్క్‌షాప్‌కు సరిపోయే సరుకు అందులో ఉంది.

విద్యార్థులను నలుగురేసి చొప్పున జట్లు చేయండి. ఒక్కో జట్టు ఒక్కో కంట్రోల్ రూమ్. గోడ మీద పెద్ద పటం, పక్కన గడియారం. మధ్యాహ్నం 2:14కు కంట్రోల్ రూమ్‌లో అలారం సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది. ఆపరేటర్లకు ఆ సంగతి తెలియదు. కాబట్టి మీ జట్లకు కూడా చెప్పకండి. 3:05కు ఒహాయోలో మొదటి 345 కిలోవోల్టుల లైను చెట్టుకు తగిలి ట్రిప్ అయింది. అలారం లేదు కాబట్టి వాళ్లకు ఏ చీటీ ఇవ్వకండి. గడియారం ముందుకు జరపండి. 3:32కు రెండోది. 3:41కు మూడోది. ఈలోగా పక్క కంపెనీల నుంచి వచ్చిన ఫోన్ కాల్స్‌ను మాత్రం చీటీలుగా అందించండి. "మీ లైను పోయినట్టుంది, చూశారా?" అని చీటీలో ఉంటుంది. వాళ్లు స్క్రీన్ చూస్తారు, అంతా బాగానే కనిపిస్తుంది. ఫోన్‌ను నమ్మాలా, స్క్రీన్‌ను నమ్మాలా? ఆ పది నిమిషాలు గదిలో నడిచే వాదన మీ ఉపన్యాసాలన్నిటికంటే ఎక్కువ పని చేస్తుంది.

ఇప్పుడు సిద్ధాంతం లోపలికి తీసుకురండి. ఆ మూడు లైన్లలో దేని మీదా దాని పరిమితికి మించిన లోడ్ లేదు. అయినా చెట్లకు ఎందుకు తగిలాయి? కరెంటు పెరిగితే తీగ వేడెక్కుతుంది, వేడెక్కితే సాగి కిందికి వేలాడుతుంది, కింద చెట్లు నరకలేదు. ఒక లైను పోతే దాని భారం మిగతా వాటి మీద పడుతుంది, అవి మరింత వేలాడతాయి. ఆ తర్వాత వరసగా 138 కిలోవోల్టుల లైన్లు. 4:05 దాటాక ఇంకో 345 కిలోవోల్టుల లైను ట్రిప్ అయింది. ఈసారి చెట్టూ లేదు, ఫాల్టూ (షార్ట్ సర్క్యూట్ లాంటి లోపం) లేదు. వోల్టేజీ పడిపోయి కరెంటు పెరగడంతో డిస్టెన్స్ రిలే (ఫాల్టును పసిగట్టి లైనును తెంపించే పరికరం)లో దూరపు ఫాల్టుల కోసం ఉండే మూడో జోన్ అది దూరాన ఉన్న ఫాల్టేనని భ్రమపడింది. ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. 4:13కల్లా దాదాపు అంతా ముగిసింది.

చివరి ప్రశ్న ఇది. ఆ లైను పోకముందే క్లీవ్‌లాండ్, ఆక్రన్ ప్రాంతంలో 1,500 మెగావాట్ల లోడ్ కావాలని తీసేసి ఉంటే బ్లాకౌట్ బహుశా ఆగేదని దర్యాప్తు తేల్చింది. మీరైతే ఆ బటన్ నొక్కేవారా? లక్షల మందికి మీ చేతులతో కరెంటు తీయాలి, రేపు అందరూ నిలదీస్తారు, పైగా మీరు దేన్ని ఆపారో ఎవరికీ కనిపించదు. చేతులెత్తించి ఓటు వేయించండి, కారణాలు చెప్పించండి.

మాట అక్కడితో ఆపకుండా 2012 జూలై 30ని గుర్తు చేయండి. భారతదేశంలో ఆ తెల్లవారుజామున బీనా-గ్వాలియర్ 400 కిలోవోల్టుల లైను ట్రిప్ అయింది కూడా ఇలాగే. అధిక లోడ్‌ను మూడో జోన్ రిలే ఫాల్టుగా పొరబడింది. మర్నాడు మళ్లీ గ్రిడ్ కూలితే 60 కోట్లకు పైగా జనాభా ఉన్న ప్రాంతం దాని బారిన పడింది. తొమ్మిదేళ్ల తేడాతో, రెండు ఖండాల్లో, ఒకే రకం పొరపాటు. దీన్ని సరిచేయాల్సింది ఎవరు? ఆ ప్రశ్న గదిలో వదిలేసి టీ విరామం ఇవ్వండి.

ఐదో అడుగు: ల్యాబ్‌లో ఆశ్చర్యం ముందు, రీడింగులు తర్వాత

మామూలు మెషిన్ ల్యాబ్‌లో ఏం జరుగుతుంది? రికార్డులో సర్క్యూట్ గీసి ఉంటుంది, సీనియర్ల రీడింగులు చేతిలో ఉంటాయి, ఎవరో ఒకరు వైరింగ్ చేస్తే మిగతావాళ్లు చుట్టూ నిలబడి అంకెలు దింపుకుంటారు. ఇలాంటి ల్యాబ్ లేకున్నా నష్టం లేదని నా అభిప్రాయం. రెండు ప్రయోగాలు మార్చి చూడండి.

ఒకటి సింక్రనైజేషన్, అంటే తిరుగుతున్న జనరేటర్‌ను సప్లైతో జత కలపడం. మూడు దీపాల పద్ధతి పాతదే, అయినా దాని ముందు ఏ డిజిటల్ మీటరూ పనికిరాదు. జనరేటర్‌కూ సప్లైకీ మధ్య మూడు దీపాలు కలిసి వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. వేగం దగ్గరపడేకొద్దీ ఆ ఊపు నెమ్మదిస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి వంతులవారీగా వెలుగుతుంటే ఫేజ్ వరస తప్పిందన్నమాట. మూడూ కలిసి పూర్తిగా ఆరిన క్షణాన స్విచ్ వేయాలి. ఆ స్విచ్ విద్యార్థి చేతే వేయించండి, మీరు పక్కన ఉండండి. తర్వాత ప్రైమ్ మూవర్ (జనరేటర్‌ను తిప్పే యంత్రం) టార్క్ పెంచమనండి. వేగం పెరుగుతుందనుకుంటారు. పెరగదు, వాట్‌మీటర్ ముల్లు కదులుతుంది. షాఫ్ట్ మీద ఒక గీత గీసి స్ట్రోబ్ లైట్ వేస్తే, ఆ గీత కాస్త ముందుకు జరిగి ఆగడం కంటికే కనిపిస్తుంది. లోడ్ యాంగిల్ అదే. ఈక్వేషన్ ఆ మర్నాడు చెప్పండి.

రెండోది పాత రిలే. సబ్‌స్టేషన్లలో డిజిటల్ రిలేలు పెట్టినప్పుడు తీసేసిన ఎలక్ట్రోమెకానికల్ రిలేలు మూలన పడి ఉంటాయి. విద్యుత్ సంస్థకు ఉత్తరం రాస్తే ఇవ్వడానికి మామూలుగా అభ్యంతరం ఉండదు. గాజు కవరు తీసి, బల్ల మీద పెట్టి, డిస్క్ తిరగడం చూడనివ్వండి. సెట్టింగ్‌కు రెట్టింపు కరెంటు పంపితే స్టాండర్డ్ ఇన్వర్స్ వక్రరేఖ ప్రకారం టైమ్ మల్టిప్లయర్ 1 వద్ద దాదాపు 10 సెకన్లు పడుతుంది, పది రెట్లు పంపితే 3 సెకన్లే. ఫోన్ స్టాప్‌వాచ్‌తో కొలవమనండి. చిన్న ఫాల్టుకు ఓపిక పట్టి, పెద్ద ఫాల్టుకు పరుగెత్తే ఈ పరికరాన్ని కంప్యూటర్లు రాకముందే మనుషులు ఒక అల్యూమినియం డిస్క్‌తో చేశారని చెప్పండి.

భద్రత విషయంలో రాజీ వద్దు. 30 మిల్లీఆంపియర్ల లీకేజీ బ్రేకర్, అందరికీ అందే ఎమర్జెన్సీ స్టాప్, ఒంటరిగా ఎవరూ పని చేయకపోవడం, కరెంటు పారుతుండగా సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) సెకండరీ తెరవకపోవడం. ఈ నియమాలను భయపెట్టడానికి వాడకండి, వెనకున్న కారణం చెప్పండి.

ఆరో అడుగు: కోడింగ్ ఇష్టపడేవాళ్లను పోటీదార్లుగా చూడకండి

"సాఫ్ట్‌వేర్ మోజులో పడి పోతున్నారు" అని విసుక్కుంటే వాళ్లు మీకు మరింత దూరమవుతారు. కోడ్ రాయగలిగినవాళ్లే ఈ రంగానికి ఇప్పుడు ఎక్కువ కావాలి. ఆ మాట నేరుగా వాళ్లతోనే అనండి.

గ్రిడ్ లెక్కలు చేసే పాండాపవర్ సాఫ్ట్‌వేర్ ఉచితం, పైథాన్‌లో నడుస్తుంది. అందులో ఐఈఈఈ (ఇంజినీర్ల అంతర్జాతీయ సంస్థ) పేరుతో ఉన్న 14 బస్ సిస్టమ్ సిద్ధంగా ఉంటుంది, బస్ అంటే లైన్లు కలిసే చోటు. అది 1962 నాటి అమెరికా గ్రిడ్‌లోని ఒక ముక్క. ఒక్కో లైనునూ తీసేస్తూ ఏ బస్‌లో వోల్టేజీ పడిపోతుందో చూపించే ప్రోగ్రామ్ రాయమనండి. ఒక సాయంత్రం పని. ఆ తర్వాత లోడ్ ఫ్లో (ఏ లైనులో ఎంత పవర్ పారుతుందో తేల్చే లెక్క) లోపల న్యూటన్ రాఫ్సన్ గణిత పద్ధతి ఎందుకు కావాలో వాళ్లే అడుగుతారు. ఇంకా ముందుకెళ్లాలనుకునేవాళ్లకు ఫ్రాన్స్ ట్రాన్స్‌మిషన్ సంస్థ ఆర్‌టీఈ నడిపిన పోటీలు చూపించండి. గ్రిడ్ నడపడం కృత్రిమ మేధకు నేర్పడమే ఆ పోటీ. అందులో వాడే గ్రిడ్2ఆప్ కూడా ఓపెన్ సోర్సే.

ఏఐ మీదే మనసున్న విద్యార్థికి ఇంకో సంగతి. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క ప్రకారం 2024లో ప్రపంచ డేటా సెంటర్లు దాదాపు 415 టెరావాట్ అవర్ల కరెంటు వాడాయి. 2030 నాటికి అది 945 దాకా చేరొచ్చని అంచనా. 2024 జూలై 10న అమెరికా తూర్పు గ్రిడ్‌లో ఒక 230 కిలోవోల్టుల లైను మీద వెంటవెంటనే ఫాల్టులు వస్తే, దాదాపు 1,500 మెగావాట్ల డేటా సెంటర్ లోడ్ ఒక్కసారిగా తనంతట తాను బ్యాకప్‌కు మారిపోయింది. లోడ్ అలా మాయమైతే ఫ్రీక్వెన్సీ, వోల్టేజీ పైకి లేస్తాయి. ఇంతకుముందు ఎవరూ పెద్దగా చూడని సమస్య ఇది. పరిష్కారం ఇంకా తయారవుతూనే ఉంది. ఇంకా పరిష్కారం కాని సమస్య అంటే చురుకైన విద్యార్థికి ఎంత ఆకర్షణో మీకు తెలియనిది కాదు.

ఏడో అడుగు: సిలబస్ వరస మార్చండి

ఇది విభాగాధిపతులకు. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో నెడ్ మోహన్ పవర్ కోర్సులను తిరగరాశారు. పవర్ ఎలక్ట్రానిక్స్, డ్రైవ్స్, పవర్ సిస్టమ్స్‌ను ఈనాటి అవసరాలకు కలిపి కుట్టి, ఆ పాఠ్యాంశాలను ఇతర విశ్వవిద్యాలయాలతో పంచుకున్నారు. మీరు అంతపని ఒకేసారి చేయలేకపోవచ్చు. కనీసం వరస మార్చవచ్చు. మొదట మొత్తం గ్రిడ్, తర్వాత అందులోని భాగాలు. ఇన్వర్టర్లు మూడో సంవత్సరం చివరిదాకా ఆగనక్కర్లేదు, సౌర విద్యుత్ గ్రిడ్‌కు చేరేది వాటి ద్వారానే కదా. ఆర్మేచర్ వైండింగ్ డిజైన్‌ను మొదటి కోర్సులోంచి తీసేయండి. అది కావలసినవాళ్లు తర్వాత నేర్చుకుంటారు.

కాంప్లెక్స్ నంబర్ల దగ్గర చాలామంది గుండె జారిపోతుంది. 1893లో చికాగోలో జరిగిన సభలో చార్లెస్ స్టైన్‌మెట్జ్ ఏసీ సర్క్యూట్లకు కాంప్లెక్స్ నంబర్లు వాడే పద్ధతి వివరించారు. దానికి ముందు ఇంజినీర్లు ప్రతి ఏసీ సర్క్యూట్‌కూ డిఫరెన్షియల్ ఈక్వేషన్లతో కుస్తీ పట్టాల్సి వచ్చేది. ఒకే సర్క్యూట్‌ను ముందు ఆ పాత దారిలో, తర్వాత ఫేజర్లతో, అంటే ఈ కాంప్లెక్స్ నంబర్ల పద్ధతిలో, చేయించండి. అప్పుడు ఈ గణితం తమ పని తగ్గించడానికే వచ్చిందని తెలుస్తుంది.

ఎనిమిదో అడుగు: ఉద్యోగాల గురించి ఉన్నదున్నట్టు చెప్పండి

మొదటి జీతం సాఫ్ట్‌వేర్ కంటే ఎక్కువని గొప్పలు చెప్పకండి. అబద్ధమైతే వారంలో తెలిసిపోతుంది, ఆ తర్వాత మీరేం చెప్పినా నమ్మరు. సైట్ ఉద్యోగాల్లో ఎండ, వాన, రాత్రి షిఫ్టులు ఉంటాయని చెప్పండి. అలాగే ప్రొటెక్షన్ ఇంజినీర్, సిస్టమ్ ప్లానింగ్, పవర్ మార్కెట్లు, బ్యాటరీ ప్రాజెక్టులు, హెచ్‌వీడీసీ (అధిక వోల్టేజీ డీసీ సరఫరా), రైల్వే ట్రాక్షన్, డేటా సెంటర్ల డిజైన్ అనే దారులు కూడా ఉన్నాయని చెప్పండి. చాలామందికి లైన్‌మన్, సబ్‌స్టేషన్ ఆపరేటర్ తప్ప ఈ రంగంలో మరో ముఖం తెలియదు. పని కొరత రాదనడానికి ఒక్క అంకె చాలు. దేశాలు తమ లక్ష్యాలు చేరాలంటే 2040 నాటికి 8 కోట్ల కిలోమీటర్ల లైన్లు కొత్తగా వేయాలి లేదా మార్చాలి అని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2023లో చెప్పింది. ఇప్పుడు ప్రపంచంలో ఉన్న గ్రిడ్ మొత్తం పొడవు దాదాపు అంతే.

ఈ మాటలు మీకంటే రెండు మూడేళ్ల క్రితం చదువు పూర్తిచేసిన పూర్వ విద్యార్థి చెబితే బాగా నాటుకుంటాయి. పెద్ద హోదాలో ఉన్నవారి ప్రసంగం కంటే అలాంటివాళ్లతో నలుగురైదుగురు కూర్చుని మాట్లాడే గంట మేలు. "నిన్న ఆఫీసులో ఏం చేశావు?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టించండి.

సబ్‌స్టేషన్ సందర్శన ఏటా పెట్టేదే. వీలైతే దాని బదులు గ్రిడ్‌ను నడిపే లోడ్ డిస్పాచ్ సెంటర్‌కు తీసుకెళ్లండి. పదిహేను మందికి మించకుండా, ప్రతి ఒక్కరూ ముందే ఒక ప్రశ్న రాసుకుని రావాలన్న షరతుతో. అరవై మందిని బస్సులో కుక్కి తీసుకెళ్తే వెనక నిలబడ్డవాళ్లకు ముందువాళ్ల తలలు తప్ప ఏమీ కనిపించవు.

డబ్బు సాయం చేయగలిగితే దాన్ని పని అనుభవంతో ముడిపెట్టండి. ఐఈఈఈ పవర్ అండ్ ఎనర్జీ సొసైటీ 2011లో మొదలుపెట్టిన స్కాలర్‌షిప్ ప్లస్ పథకంలో ప్లస్ అన్న మాట అందుకే. స్కాలర్‌షిప్‌తో పాటు కంపెనీల్లో పని చేసే అవకాశం కూడా చూపిస్తారు.

తొమ్మిదో అడుగు: అమ్మాయిలకు దారి సుగమం చేయండి

పోస్టర్ మీద అమ్మాయి ఫొటో వేస్తే సరిపోదు. ల్యాబ్‌లో వాళ్ల చేతులకు సరిపోయే కొలతల్లో ఇన్సులేటెడ్ గ్లవ్స్, సేఫ్టీ షూస్ ఉన్నాయా చూడండి. సందర్శనకు వెళ్లే చోట టాయిలెట్ ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ప్రయోగంలో స్విచ్ దగ్గర అబ్బాయి, రికార్డు దగ్గర అమ్మాయి అన్న అలవాటు కనిపిస్తే ఆ రోజే మార్చండి.

ఈడిత్ క్లార్క్ పేరు సిలబస్‌లోనే ఉంది, మనం చెప్పడం లేదంతే. మూడు ఫేజుల లెక్కను రెండు అక్షాలకు మార్చే ఆల్ఫా బీటా ట్రాన్స్‌ఫర్మేషన్‌ను క్లార్క్ ట్రాన్స్‌ఫర్మేషన్ అనేది ఆమె పేరు మీదే. 1919లో ఎమ్‌ఐటీ నుంచి ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో మాస్టర్స్ పట్టా పొందిన మొదటి మహిళ ఆమె. అంత చదివినా ఇంజినీర్ ఉద్యోగం వెంటనే దొరకలేదు. పొడవైన ట్రాన్స్‌మిషన్ లైన్ల లెక్కలను సులువు చేసే గ్రాఫికల్ కాలిక్యులేటర్ రూపొందించి 1925లో పేటెంట్ పొందారు. 1947లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో చేరి, అమెరికాలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసరైన మొదటి మహిళ అయ్యారు. ఇదంతా మహిళా దినోత్సవం కోసం దాచిపెట్టకండి. ఆ ట్రాన్స్‌ఫర్మేషన్ చెప్పే రోజునే, బోర్డు మీద మ్యాట్రిక్స్ రాసేటప్పుడే చెప్పండి.

పదో అడుగు: రానివాళ్లను కూడా అడగండి

ఏడాది చివర ఎలెక్టివ్‌లో ఎంతమంది చేరారో లెక్కపెట్టడం అందరూ చేస్తారు. మీ మొదటి గంటకు వచ్చి, ఫ్రీక్వెన్సీ కొలిచి, బ్లాకౌట్ వర్క్‌షాప్‌లో గట్టిగా వాదించి, చివరికి వేరే ఎలెక్టివ్ తీసుకున్నవాళ్ల జాబితా తీయండి. వాళ్లలో కొందరిని పిలిచి, తప్పుపట్టకుండా, ఎందుకో అడగండి. మార్కులు తక్కువ వేస్తారన్న పేరు ఉండొచ్చు. టైమ్‌టేబుల్‌లో ఇంకో కోర్సుతో గుద్దుకుని ఉండొచ్చు. ఇంట్లోవాళ్లు వద్దని ఉండొచ్చు. మొదటిది మీ సహోద్యోగితో మాట్లాడితే, రెండోది ఒక గంట అటూ ఇటూ జరిపితే తీరుతుంది. మూడోదానికి ఆ పూర్వ విద్యార్థిని తల్లిదండ్రులతో మాట్లాడించండి. వచ్చే సెమిస్టర్ రిజిస్ట్రేషన్ మొదలయ్యేలోపు ఈ మూడింట్లో కనీసం ఒకటి పూర్తిచేయండి.